డయాలసిస్, వారం కిస్తీ, ధైర్యంగా ప్రార్థన: ఉద్దానంలో ఒక కుటుంబం కేసు

భర్తకు డయాలసిస్ నడుస్తున్న ఒక విశ్వాసి, ప్రార్థన చేయాలంటేనే భయపడే స్థితికి ఎలా వచ్చింది, అక్కడి నుంచి మళ్లీ దేవుణ్ని నోరు తెరిచి అడగడం ఎలా మొదలుపెట్టింది అన్నది ఈ కేసు. సంఘాల్లో కౌన్సెలింగ్ చేసేవాళ్లు, పాస్టరుగార్లు, పాస్టరమ్మలు, స్త్రీల సమాజం నడిపేవాళ్లు చదువుతారని వివరంగా రాస్తున్నాను. ఇలాంటి కుటుంబాలు మన శ్రీకాకుళం జిల్లాలో చాలా ఉన్నాయి, కానీ వాళ్ల గురించి బయటికొచ్చేవన్నీ సాక్ష్యాలే. "ప్రార్థించాను, బాగయ్యాను" అన్నది ఒక్కటే వినిపిస్తుంది. ప్రార్థిస్తూనే వారానికి మూడుసార్లు డయాలసిస్ కుర్చీలో కూర్చునేవాళ్ల సంగతి మైకులో ఎవరూ చెప్పరు.

నేను స్టాఫ్ నర్సుగా పని చేసి రిటైరయ్యాక సంఘంలో ఈ పరిచర్య చేస్తున్నాను. కుటుంబం ఒప్పుకున్నాకే రాస్తున్నాను, గుర్తుపట్టేలా ఉన్న వివరాలు కొన్ని మార్చాను. ఆమెను చెల్లెమ్మ అంటాను. ఆమె, ఆమె అత్తగారు నన్ను సిస్టరమ్మ అంటారు.

నేపథ్యం

ఉద్దానం గురించి తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్పాలి. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఈ మండలాల్లో కొబ్బరి, జీడి, పనస తోటలతో పచ్చగా కనిపించే ప్రాంతం ఇది. ఇక్కడే ఏళ్ల తరబడి కిడ్నీ జబ్బు ఊళ్లకు ఊళ్లను పట్టుకుని ఉంది. నీళ్లా, ఎండలో చాకిరీయా, పురుగుమందులా, నొప్పుల మాత్రలా అని ఎన్నో పరిశోధనలు జరిగాయి కానీ ఇదీ కారణం అని గట్టిగా తేలలేదు. వేరే ఊళ్లలో మనిషి కనిపిస్తే భోంచేశారా అని అడుగుతారు, ఇక్కడ కొన్ని వీధుల్లో "క్రియాటిన్ ఎంతొచ్చింది?" అని అడుగుతారు, అంటే కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష సంగతి. దానికి తోడు 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి కొబ్బరి చెట్లను, జీడి తోటలను పడగొట్టేసింది. కొబ్బరి మొక్క నాటితే కాపుకొచ్చేసరికి ఏళ్లు పడుతుంది, అప్పు మాత్రం ఆగదు కదా.

చెల్లెమ్మ భర్త చెట్లెక్కి కొబ్బరికాయలు దింపే పని చేసేవాడు. తుపాను తర్వాత ఊళ్లో పని లేక మద్రాసు వెళ్లి భవనాల పనిలో చేరాడు. ఒళ్లు నొప్పులకు మందుల షాపులో అడిగి నొప్పి మాత్రలు కొనుక్కుని వేసుకునేవాడు. కాళ్లు వాచి ఇంటికొచ్చాక పరీక్ష చేయిస్తే అప్పటికే ఆలస్యమైంది. ఇప్పుడు వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు డయాలసిస్. సర్కారు ఆసుపత్రిలో దానికి డబ్బు కట్టక్కర్లేదు, డయాలసిస్ రోగులకు ప్రభుత్వం ఇచ్చే నెలకు 10,000 పింఛను కూడా వస్తోంది. మరి కష్టమెక్కడ అని అడిగేవాళ్లుంటారు. ఆయన కూలి పోయింది. ఆమె పలాస-కాశీబుగ్గలో జీడిపప్పు ఫ్యాక్టరీలో పొట్టు తీసే పనికి వెళ్తుంది, ఆయనతో ఆసుపత్రికి వెళ్లిన రోజు ఆ కూలీ పోతుంది. ఆటో, బయట కొనాల్సిన మందులు, కూతురి ఇంటర్ ఫీజు, డ్వాక్రా వాయిదా, అది కాక మంగళవారం మంగళవారం కట్టాల్సిన ఫైనాన్స్ కిస్తీ. ఇంట్లో అత్తగారు. తోటలో వీళ్ల వాటా కూడా తన చేతిలోనే పెట్టుకుని లెక్క చెప్పని బావగారు.

జరిగింది

బయటి ఊరి నుంచి ఒక బోధకుడు వచ్చి ఆ చుట్టుపక్కల స్వస్థత కూటాలు పెట్టాడు. చెల్లెమ్మ భర్త మీద చెయ్యి ఉంచి ప్రార్థించి "నీకు కొత్త కిడ్నీలు వచ్చేశాయి, నోటితో ఒప్పుకో, మళ్లీ ఆ మిషను దగ్గరికి వెళ్తే దేవుణ్ని అబద్ధికుణ్ని చేసినట్టే" అన్నాడు. వాళ్లు నమ్మారు. రెండు డయాలసిస్‌లు మానేశారు. కొడుకు బాగుపడ్డాడన్న ఆనందంలో అత్తగారు లేత కొబ్బరిబొండాలు కొట్టించి నీళ్లు తాగించింది. తోటల మధ్య పుట్టిన మనిషి, ఎన్నాళ్లో నోరు కట్టుకుని ఉన్నాడు, తాగాడు.

డయాలసిస్ రోగికి కొబ్బరినీళ్లు ఎంత ప్రమాదమో చదివేవాళ్లలో తెలియనివాళ్లుంటారని రాస్తున్నాను. అందులో పొటాషియం చాలా ఎక్కువ. మన కిడ్నీలు దాన్ని బయటికి పంపిస్తాయి, వాళ్లవి పంపలేవు. రక్తంలో అది పెరిగితే గుండె ఉన్నట్టుండి ఆగిపోవచ్చు. డయాలసిస్ మానేస్తే నీరు ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. ఆయనకు అదే జరిగింది. అర్ధరాత్రి పడుకోలేక, కూర్చోలేక, ఊపిరాడక కొట్టుకుంటుంటే 108కి ఫోన్ చేశారు. ఆసుపత్రిలో ఆ రాత్రే డయాలసిస్ చేయబట్టి బతికాడు.

తర్వాత కూటాల తాలూకు మనిషి ఒకాయన ఫోన్ చేసి "మీ విశ్వాసం చివరిదాకా నిలబడలేదమ్మా" అన్నాడట. ఆ మాటకు నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు. చావు దాకా వెళ్లొచ్చిన మనిషి భార్యతో అనాల్సిన మాటేనా అది?

మొదట విన్నది

పాస్టరుగారి భార్య నన్ను వాళ్లింటికి తీసుకెళ్లింది. చెల్లెమ్మ సంఘంలో బాగా ప్రార్థిస్తుందని పేరున్న మనిషి, గృహ కూటాల్లో ఆమె చేత ప్రార్థన చేయించేవాళ్లు. ఇంట్లో మాత్రం ఆ రాత్రి తర్వాత ప్రార్థన ఆగిపోయింది. ఆమె మాటలు ఆమెవిగానే రాస్తున్నాను.

"ఏటడగాల సిస్టరమ్మా నాను? బాగు సెయ్యమని అడిగినాను, బాగైపోనాదని సెప్పినారు. మళ్లీ అడిగితే నమ్మనట్టే కదా. అడక్కపోతే మొగుణ్ని గాలికొదిలేసినట్టు. ఆసుపత్రికెల్తే అవిశ్వాసం, మానేత్తే దేవుణ్ని శోధించినట్టు. నోరు తెరవాలంటే వణుకొత్తంది."

ఇది చదివే కౌన్సెలర్లు ఆ మాటల మీద కాసేపు ఆగాలి. ఆమెకు దేవుని మీద నమ్మకం పోలేదు, ఆయనంటే భయం పట్టుకుంది. సరిగ్గా అడగకపోతే భర్త చచ్చిపోతాడని, ఆయన ప్రాణం తన మాటల మీద ఆధారపడి ఉందని ఆమెకు ఎవరో నేర్పించారు. ఒక ఆడమనిషి నెత్తిన పెట్టకూడని బరువు అది.

నిద్ర గురించి, తిండి గురించి అడిగాను. చచ్చిపోవాలనిపిస్తోందా అని కూడా సూటిగా అడిగాను. అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందేమోనని మన సంఘాల్లో భయపడతారు, అది నిజం కాదు. అడిగితే చాలామంది ఊపిరి పీల్చుకుని చెప్తారు. ఒకరోజు పెరట్లో నూతి దగ్గర నిలబడి చాలాసేపు లోపలికి చూసిందట, కూతురు పిలిస్తే వెనక్కి వచ్చిందట. అది విన్నాక ఆరోజు వాక్యం పక్కన పెట్టాను. ఆమె ఒప్పుకోవడంతో తోడికోడలికి చెప్పి రాత్రిళ్లు ఒంటరిగా వదలకుండా ఏర్పాటు చేశాం. మానసిక బాధల్లో ఉన్నవాళ్ల కోసం ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలీ మానస్, నంబరు 14416, ఆమె ఫోన్‌లోంచే చేయించి తెలుగులో మాట్లాడించాను. పీహెచ్‌సీ డాక్టరు ద్వారా మానసిక వైద్యుడి దగ్గరికి పంపాం, ఆయన కొంతకాలానికి మందులు రాశారు. సంఘంలో ఒక పెద్దాయన "ప్రభువుండగా పిచ్చి మందులెందుకు" అన్నాడు. నిద్రలేని మనిషికి నిద్ర ఇవ్వడం కూడా ప్రభువు దయేనని, ఏలీయా చచ్చిపోతానని బదరీ చెట్టు కింద పడుకున్నప్పుడు దేవదూత బోధ చేయలేదని, ముందు లేపి రొట్టె, నీళ్లు ఇచ్చాడని, మళ్లీ పడుకోనిచ్చాడని చెప్పాను. 1 రాజులు 19వ అధ్యాయం, ఎవరైనా చూసుకోవచ్చు.

ఎక్కడ మొదలుపెట్టాం

నిద్ర కాస్త కుదుటపడ్డాక వాక్యం దగ్గరికి వచ్చాం. హెబ్రీ పత్రిక 4:16 ఆమెకు కంఠతా వచ్చు: "ధైర్యముతో కృపాసనమునొద్దకు చేరుదము." ఆ వచనాన్నే ఆ కూటంలో వాడారట, ధైర్యం అంటే ఫలితం వచ్చేసిందని ముందే ప్రకటించడం అన్నట్టు. దానికి ముందున్న 15వ వచనం ఆమె చేతే చదివించాను. మన బలహీనతల్లో మనతో సహానుభవం లేని ప్రధానయాజకుడు మనకు లేడు, ఆయన కూడా అన్ని విధాలా మనలాగే శోధింపబడ్డాడు అని ఉంటుంది అక్కడ. "గనుక" అని 16 మొదలవుతుంది. అంటే, వినేవాడు మన బాధ అనుభవించి ఎరిగినవాడు గనుక మనకు ధైర్యం. ఏం జరగబోతుందో మనకు తెలుసు గనుక అని ఎక్కడా లేదు. మరి అక్కడ మనం అడిగేది ఏమిటి? సమయోచితమైన సహాయం. ఇవాళ్టికి, ఈ గంటకు కావాల్సిన సహాయం.

ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "అయితే గెత్సెమనేలో ప్రభువు తప్పించమని అడిగినాడు కదా, ఆయనకి నమ్మకం నేకనా?" అంది. నేను వేరే ఏమీ చెప్పాల్సిన పని లేకపోయింది. ప్రభువే మూడుసార్లు అదే మాట అడిగాడు, పౌలు తన ముల్లు గురించి మూడుసార్లు వేడుకున్నాడు, ముల్లు పోలేదు, "నా కృప నీకు చాలును" అన్న జవాబు వచ్చింది. మళ్లీ అడగడం అవిశ్వాసం అయితే వీళ్లిద్దరినీ ఏమనాలి?

ఆ తర్వాత ఆమెకు ఇచ్చిన మొదటి పని ఫిర్యాదు చేయడం. 13వ కీర్తన ఆరు వచనాలే. "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" అని మొదలవుతుంది. రోజూ రాత్రి అత్తగారు, కూతురు నిద్రపోయాక అది గట్టిగా చదివి, ఆ ఎన్నాళ్లు అన్నచోట తన సంగతులు పెట్టమన్నాను. విశ్వాసులకు ఇది మొదట్లో చాలా కష్టం. స్తోత్రంతో మొదలుపెట్టి స్తోత్రంతో ముగించడం మనకు అలవాటు, మధ్యలో ఏడుపు వస్తే మింగేస్తాం. కానీ ఆ ఏడుపే లేఖనంలో కీర్తనగా ఉందని చూశాక ఆమె గొంతు తెరుచుకుంది. కూటాల్లో చేసే పెద్ద పెద్ద మాటలు పోయాయి. "తండ్రీ, నాకు కోపంగా ఉంది" అని మొదలుపెట్టిన రోజు, ఈమె మళ్లీ దేవునితో మాట్లాడుతోందని నాకు అర్థమైంది.

మంగళవారం

నిత్య జీవితంలో ప్రార్థన ఎలా పని చేస్తుందో చూడాలంటే మంగళవారం కిస్తీ చూడాలి. సోమవారం రాత్రి నుంచే ఆమెకు కడుపులో తిప్పేది. గ్రూపులో పదిమంది ఆడవాళ్లు, ఒకరు కట్టకపోతే మిగతావాళ్లు ఆమె గుమ్మం ముందు కూర్చుంటారు, తెల్లారకుండా ఫైనాన్స్ కుర్రాడి ఫోన్ మొదలవుతుంది. ఆమె చేసే ప్రార్థన "ప్రభువా, ఈ అప్పులన్నీ తీర్చెయ్" అన్న ఒక్క మాటే, అది జరగట్లేదు కాబట్టి ప్రతి మంగళవారం ప్రార్థన ఓడిపోయినట్టు లెక్క.

నెహెమ్యా రెండో అధ్యాయం చదివాం. రాజు "ఏం కావాలి నీకు" అని అడుగుతాడు, నెహెమ్యా భయపడుతూనే ఆకాశమందలి దేవునికి ప్రార్థన చేసి వెంటనే రాజుకు జవాబిస్తాడు. రాజు ఎదుటే నిలబడి, రెండు మాటల మధ్య ఖాళీలో చేసిన ప్రార్థన అది. ఆ వెంటనే ఏం అడగాలో స్పష్టంగా అడుగుతాడు: ఎన్నాళ్లు సెలవు, ఏ అధికారికి ఉత్తరం, దేనికి కలప. దీని కోసం ముందే ఆలోచించి పెట్టుకున్నాడన్నమాట.

అలాగే కూర్చుని పాత క్యాలెండరు వెనక అప్పులన్నీ రాశాం. ఎవరికి ఎంత, ఎంత కట్టారు, ఎంత మిగిలింది. రాస్తుంటే ఆమె చేయి వణికింది, ఎందుకంటే మొత్తం ఒకచోట ఎప్పుడూ చూడలేదు. అప్పుడు ఆమెకు తెలియని సంగతి ఒకటి చెప్పాను: మైక్రోఫైనాన్స్ అప్పుల మీద రిజర్వు బ్యాంకు 2022లో తెచ్చిన నిబంధనల ప్రకారం వసూలు కోసం ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత ఫోన్ చేయకూడదు, బెదిరించడం, తిట్టడం కుదరదు, కష్టంలో ఉన్నవాళ్ల వాయిదా గురించి మాట్లాడే దారి ఉండాలి. ఇది తెలుసుకోవడం ప్రార్థనకు వ్యతిరేకం అనుకునేవాళ్లుంటే వాళ్లతో నేను ఏకీభవించను. పౌలు తన రోమా పౌరసత్వాన్ని వాడుకున్నాడు.

ఆ వారం ఆమె బ్రాంచికి వెళ్లింది, తోడికోడలు, పాస్టరమ్మ వెంట ఉన్నారు. మెట్ల దగ్గర ఆగి చేసిన ప్రార్థన ఇంతే: "ప్రభువా, ఏడవకుండా మాటాడనియ్యి. వాయిదా సగం చెయ్యమని అడుగుతాను, వినే మనసు ఆయనకియ్యి." లోపల మేనేజరు మొదట కసురుకున్నాడట, డయాలసిస్ కాగితాలు చూపించాక పైవాళ్లతో మాట్లాడాడు. వాయిదా సగం కాలేదు కానీ తగ్గింది, గడువు పెరిగింది. ఆమె ఇంటికొచ్చి నాకు ఫోన్ చేసి మొదట చెప్పిన మాట వాయిదా గురించి కాదు. "ఏడవలేదు సిస్టరమ్మా" అంది. అడిగినదాన్ని అడిగినట్టు పొందడం ఎలా ఉంటుందో చాలాకాలం తర్వాత ఆమె చవి చూసింది. అందుకే నేను ప్రార్థనాంశాన్ని ఎప్పుడూ చిన్నది చేయమంటాను. "దీవించు ప్రభువా" అంటే జవాబు వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది?

డయాలసిస్ రోజులు

చెల్లెమ్మ భర్త సంగతి వేరు. ఆయన ఎక్కువ మాట్లాడడు. మిషను దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ తాను శపించబడ్డవాణ్నని ఒప్పుకున్నట్టు అనిపిస్తుందని ఒకసారి అన్నాడు, అంతే. సంఘ పెద్దలతో మాట్లాడాం. యాకోబు 5:14 ప్రకారం నూనె రాసి ప్రార్థించాలని ఆయనకు ఆశ ఉంది, కానీ కూటం తర్వాత అడగడానికి సిగ్గు. డయాలసిస్ ఉన్న రోజునే, బస్సు టైముకు ముందు, పెద్దలు ఇంటికి వచ్చి నూనె రాసి ప్రార్థించారు. హిజ్కియా సంగతి చదివారు: రాజు ఏడ్చి ప్రార్థిస్తే దేవుడు 15 ఏళ్ల ఆయుష్షు ఇచ్చాడు, అదే అధ్యాయంలో, యెషయా 38:21లో, అంజూరపు పండ్ల ముద్ద పుండుకు కట్టమన్నాడు ప్రవక్త. వాగ్దానం ఇచ్చిన దేవుడే మందూ చెప్పాడు. ప్రార్థన అయ్యాక పెద్దాయన ఒకరు ఆయన సంచి పట్టుకుని బస్సు దాకా వెళ్లి ఎక్కించాడు. నా ఉద్దేశంలో ఈ కేసు మలుపు తిరిగింది అక్కడే. ప్రార్థించిన చేతులే డయాలసిస్‌కు పంపించాయి, ఆ రెండిటికీ మధ్య పెట్టిన తగువు ఆయన మనసులోంచి పోయింది.

నిజానికి మన ప్రాంతానికి ఈ తగువు కొత్తగా వచ్చిపడింది. ఇక్కడికి సువార్త, ఆసుపత్రి కలిసే వచ్చాయి. కెనడా బాప్టిస్టు మిషనరీలు గుడి కట్టినచోట బడి, వైద్యం కూడా పెట్టారు. సోంపేటలో డాక్టర్ బెన్ గలిసన్ చేసిన కంటి ఆపరేషన్ల పని చూసే 1963లో కెనడాలో ఆపరేషన్ ఐసైట్ అనే సంస్థ పుట్టింది. మన తాతల కాలంలో ప్రార్థన చేసి కత్తి పట్టిన డాక్టర్లను దైవజనులనే అన్నారు. ఇప్పుడు పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి వచ్చింది. దాన్ని చూసి స్తోత్రం చెప్పాల్సిన వాళ్లం, అక్కడికి వెళ్లడం అవిశ్వాసం అని మన పిల్లలకు చెప్పనిద్దామా?

ఆయన రోజువారీ పోరాటం దాహంతో. ఒంట్లో నీరు బయటికి పోదు కాబట్టి రోజు మొత్తానికి డాక్టరు చెప్పినంతే తాగాలి, అందులో మజ్జిగ, చోడి అంబలి, మందు వేసుకునే నీళ్లు అన్నీ లెక్కే. మే నెల ఎండలో మూడు గంటలప్పుడు నాలుక పిడచకట్టుకుపోతుంది. ప్రభువు సిలువ మీద "దప్పిగొనుచున్నాను" అన్న మాట ఆయన నాకు గుర్తు చేశాడు, నేను ఆయనకు చెప్పలేదు. ఆ మాట తన కోసమే రాసినట్టుందన్నాడు. దాహం వేసినప్పుడు నోరు పుక్కిలించి ఊసేయడం, చిన్న ఐసు ముక్క చప్పరించడం, ఆ వెంటనే "ఈ గంట దాటించు తండ్రీ" అని ఒక్క మాట, ఇదీ ఆయన చేసేది. కుర్చీలో ఉండే నాలుగు గంటలు పక్క మిషన్ల మీద ఉన్నవాళ్ల పేర్లు చెప్పి ప్రార్థిస్తాడు. వాళ్లలో ఎక్కువమంది క్రైస్తవులు కారు. వాళ్లలో ఒకాయన చనిపోయిన రోజు ఆయన చాలా కుంగిపోయాడు, ఆ రాత్రి కూడా 13వ కీర్తనే చదివారు.

అత్తగారి సంగతి రాయకుండా ఉండలేను. కొబ్బరినీళ్ల గురించి డాక్టరు చెప్పినప్పటి నుంచి "నా చేత్తో నానే సంపీబోనాను" అని ఆ తల్లి అన్నం మానేసింది. ఆమెకు తెలియక చేసిందని, ప్రేమతో చేసిందని, దేవునికి అది తెలుసునని చెప్పాను. కోడలు కూడా అదే మాట చెప్పింది, అది పెద్ద విషయం. ఉదయాన్నే కొలిచి కొడుకు సీసాలో నీళ్లు పోసే పని ఆమెకు అప్పజెప్పాం. సీసా నింపి, దాని మీద చెయ్యి పెట్టి ప్రార్థించి ఇస్తుంది. ఆ తర్వాత ఎవరు బతిమాలినా ఒక్క చుక్క ఎక్కువ ఇవ్వదు.

జరగనివి

డయాలసిస్ సూదులు పెట్టడానికి చేతిలో రక్తనాళాలు కలిపి చేసిన ఫిస్టులా మూసుకుపోయింది. మెడ దగ్గర క్యాథెటర్ అనే గొట్టం వేశారు, దానికి ఇన్‌ఫెక్షన్ వచ్చి చలి జ్వరం, మళ్లీ ఆసుపత్రిలో చేరిక. చెల్లెమ్మ మళ్లీ మౌనంగా అయిపోయింది. కానీ ఈసారి తేడా ఉంది, మౌనంగా ఉన్నానని ఆమే వచ్చి చెప్పింది. "అపనమ్మకముండకుండ సహాయము చేయుము" అని మార్కు 9లో ఆ తండ్రి చేసిన ప్రార్థన మాత్రం చేస్తున్నానంది. దయ్యం పట్టిన కొడుకుని తెచ్చుకున్న ఆ తండ్రికి అంతకంటే ఎక్కువ విశ్వాసం లేదు, ప్రభువు అతన్ని వెనక్కి పంపలేదు, కాబట్టి అది చాలన్నాను.

బావగారి విషయం తేలలేదు. తోట వాటా గురించి ప్రార్థించి, పెద్దల్ని వెంటబెట్టుకుని వెళ్లి నెమ్మదిగా అడిగింది. ఆయన లోపలికి పిలవనైనా లేదు. లూకా 18లో అన్యాయస్థుడైన న్యాయాధిపతి దగ్గరికి మళ్లీ మళ్లీ వెళ్లిన విధవరాలి కథ ఆమెకు బలంగా పట్టుకుంది, నెలకోసారి వెళ్లి అడుగుతూనే ఉంది, ఇప్పుడు రెవెన్యూ కాగితాలు కూడా తీయిస్తోంది. ఆయన మీద ద్వేషం పెరక్కుండా ఉండటానికే తన ప్రార్థనలో సగం పోతుందని చెప్పింది. ఆ మాట నిజం.

ఫ్యాక్టరీలో పక్కన కూర్చుని పొట్టు తీసే ఆడవాళ్లు మొదట్లో "మీ దేవుడు బాగు సేసినాడన్నారు కదే" అని అడిగేవాళ్లు. ఆ ప్రశ్నకు ఆమె ఇప్పుడు తడుముకోకుండా జవాబిస్తుంది: "బాగవ్వలేదు, డయాలసిస్‌కి ఎల్తన్నాం, దేవుడు మాతోటే వత్తన్నాడు." వాళ్లలో ఇద్దరు ముగ్గురు తమ పిల్లల గురించి ప్రార్థించమని అడిగారట. గొప్ప సాక్ష్యం వేదికల మీద ఈమెను నిలబెట్టరు, కానీ ఇంత నిజమైన సాక్ష్యం నేను ఈమధ్య వినలేదు.

తోటి పరిచారకులకు

ప్రార్థన కోసం ఎవరైనా వస్తే చెయ్యి ఉంచేముందు రెండు ప్రశ్నలు అడగండి: మందులు ఏం వాడుతున్నారు, అవి ఆపమని ఎవరైనా చెప్పారా? డయాలసిస్, ఇన్సులిన్, ఫిట్స్ మందులు, టీబీ మందులు, ఇవి ఆపితే కొందరికి రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. నిజంగా స్వస్థత జరిగితే అది పరీక్షలో కనిపిస్తుంది, డాక్టరే మందు తగ్గిస్తారు. ప్రభువు కుష్ఠరోగిని బాగుచేసి "వెళ్లి యాజకునికి కనబరచుకో" అన్నాడు, పరీక్ష చేయించుకోమనే కదా దానర్థం. డయాలసిస్ రోగిని, షుగరు రోగిని ఉపవాస కూటంలో ఉపవాసం ఉండమని ఒత్తిడి చేయకండి. స్వస్థత రాకపోతే ఆ నెపం రోగి విశ్వాసం మీద వేయకండి. అది వేసి వెళ్లిపోయేవాళ్లు మళ్లీ ఆ ఇంటి గుమ్మం తొక్కరు, తర్వాత అక్కడికి వెళ్లి కూర్చోవాల్సింది మనమే. చావు గురించిన మాట వినిపిస్తే ప్రార్థన చేసి పంపేయకండి, మనిషిని ఒంటరిగా వదలకండి, 14416కి మీరే ఫోన్ కలిపి ఇవ్వండి.

ధైర్యంగా ప్రార్థించమని మాత్రం తప్పకుండా నేర్పండి. స్వస్థత అడగమనండి, పూర్తిగా బాగుచేయమని అడగమనండి. చెల్లెమ్మ ఇప్పటికీ రోజూ అడుగుతుంది. దేవుడు చేయగలడని నేనూ నమ్ముతాను, ఆయన కోసం నేనూ అదే అడుగుతాను. అడిగాక డయాలసిస్ సంచి సర్దుకుంటాం.

ఈ కేసు ఇంకా ముగియలేదు. కొత్త ఫిస్టులా కోసం ఆపరేషన్ అయింది, అది పనిచేసేదాకా మెడ దగ్గరి క్యాథెటర్ జాగ్రత్తగా చూసుకోవాలి. దానంగా వచ్చిన అవయవాలను రోగులకు కేటాయించే ప్రభుత్వ పథకం జీవన్‌దాన్‌లో కిడ్నీ కోసం పేరు నమోదు చేయించడానికి ఏ పరీక్షలు కావాలో డాక్టరును అడగడానికి వచ్చే వారం వెళ్తున్నారు. చెల్లెమ్మ ఈ వారం సంఘానికి ఇచ్చిన ప్రార్థనాంశాలు ఇవి: ఫిస్టులా తొందరగా పనికిరావాలి, క్యాథెటర్‌కి మళ్లీ ఇన్‌ఫెక్షన్ రాకూడదు, కూతురికి నర్సింగ్‌లో సీటు రావాలి, మంగళవారానికి తక్కువపడ్డ 400 రూపాయలు సర్దుబాటు కావాలి, బావగారు తలుపు తీయాలి.